వెంట్రుకంత గొట్టంలో తూర్పారబట్టడం

కళ్లంలో తూర్పారబట్టడం చూసినవాళ్లకు ఈ వ్యాసంలో సగం ముందే తెలిసినట్టు. నూర్చిన ధాన్యాన్ని చేటలోకి ఎత్తుకుని, గాలివాటం చూసుకుని, తలెత్తున పట్టి మెల్లగా జారవిడుస్తారు. గింజ, తాలు, పొట్టు అన్నీ కిందికే పడాలి. భూమి ఆకర్షణ దేన్నీ వదలదు. పక్కనుంచి వీచే గాలి మాత్రం అన్నిటినీ ఒకేలా చూడదు. గింజ కాళ్ల దగ్గరే రాలుతుంది, తాలు కాస్త దూరాన, పొట్టు ఇంకా అవతల. గాలి లేనిరోజు చేటను ఎంతసేపు కుదిపినా అంతా ఒకటే కుప్ప. గాలి ఉండి జారవిడిచేవాళ్లు లేకపోతే పనే మొదలుకాదు. రెండు బలాలూ కావాలి. ఒకటి అన్నిటినీ కదపాలి, ఇంకొకటి తేడా పట్టాలి.

రసాయన శాస్త్రంలో ఇదే పనిని వెంట్రుకంత బోలు ఉన్న గాజుగొట్టంలో చేసే పద్ధతి ఒకటుంది. అక్కడ జారవిడిచే చెయ్యి పంపు పీడనం. వీచే గాలి వేల వోల్టుల విద్యుత్తు. పీడనంతో నడిచే కేశనాళికా ఎలక్ట్రోక్రొమటోగ్రఫీ అని పేరు. పేరు పొడుగైనా లోపల జరిగేది కళ్లంలో జరిగేదే. కాకపోతే ఇక్కడ గింజలు అణువులు.

నేను దీని దగ్గరికి వచ్చింది మందుల పరీక్షల దారిలో. హైదరాబాద్ చుట్టుపక్కల ఏ మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబులో అడుగుపెట్టినా హెచ్‌పీఎల్‌సీ యంత్రాలు, అంటే పంపు పీడనంతో మిశ్రమాల్ని విడదీసే యంత్రాలు, వరసగా పనిచేస్తూ కనిపిస్తాయి. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసిన మన పిల్లల్లో ఎంతోమందికి మొదటి ఉద్యోగం ఆ యంత్రం ముందే. చాలా ఏళ్ల కింద నాకూ అంతే. మామూలుగా వాడే కాలమ్ ఒక స్టీలు గొట్టం. పొడవు 25 సెంటీమీటర్లు, లోపలి వ్యాసం 4.6 మిల్లీమీటర్లు. అందులో 5 మైక్రాన్ల సిలికా గుళికలు, వాటి ఒంటినిండా 18 కార్బన్ల నూనెగొలుసులు. ఒక చివరనుంచి పంపు ఆమ్లక్షారగుణం నిలిపే బఫరునూ, ద్రావణి అయిన అసిటోనైట్రైల్‌నూ కలిపి తోస్తుంది. మందు నమూనాను ఆ ప్రవాహంలోకి వదిలితే, నూనెగుణం ఎక్కువున్న అణువులు గుళికల్ని పట్టుకుని ఆలస్యం చేస్తాయి, నీటిగుణం ఉన్నవి తొందరగా బయటపడతాయి. బయటపడ్డ ప్రతి పదార్థమూ తెరమీద ఒక పీక్. మందులో మలినం ఉంటే దాని పీక్ వేరుగా కనిపించాలి. మందు పీక్ కింద అది దాక్కుంటేనే అసలు కష్టం.

దీనికి మూలం సుద్దపొడి. 1903లో వార్సాలో మిఖాయిల్ త్స్వెట్ అనే వృక్షశాస్త్రవేత్త గాజుగొట్టంలో సుద్దపొడి కూరి, పైనుంచి ఆకురసం పోసి, దానిమీద ద్రావణి వదిలితే పచ్చ, పసుపు రంగులు పట్టీలుగా విడిపోయాయి. 1906లో దానికి క్రొమటోగ్రఫీ అని పేరు పెట్టాడు. రంగుల రాత అని అర్థం. ఆ తర్వాత జరిగిన ప్రగతిలో ఎక్కువ భాగం పొడిని మెత్తగా చేసుకుంటూ పోవడమే. గుళిక ఎంత చిన్నదైతే అణువు దాన్ని చేరి తిరిగి రావడానికి పట్టే సమయం అంత తగ్గుతుంది, పీక్ అంత సన్నబడుతుంది, పక్కపక్క పీకులు అంత స్పష్టంగా విడిపోతాయి.

మెత్తగా చేయడానికి మూల్యం పీడనం. గుళిక సైజు సగానికి తగ్గిస్తే, ప్రవాహం అదే వేగంతో సాగాలంటే పీడనం నాలుగు రెట్లు కావాలి. 5 మైక్రాన్ల కాలమ్ 100 బార్ల దగ్గర హాయిగా నడుస్తోందనుకుందాం. అదే పొడవులో 1.5 మైక్రాన్ల గుళికలు నింపితే పంపుని 1,100 బార్లు అడుగుతుంది. మా రోజుల పంపులు 400 బార్ల దగ్గరే చేతులెత్తేసేవి. తోపుడికి ఇంకో దారి వెతకాల్సిన అవసరం ఇక్కడ పుట్టింది.

ఆ దారి అప్పటికే సుమారు రెండు శతాబ్దాల పాతది. మాస్కోలో పనిచేసిన ఫెర్డినాండ్ రాయిస్ తడిమట్టిలో గాజుగొట్టాలు గుచ్చి, నీళ్లు పోసి, వోల్టా బ్యాటరీ కలిపి చూశాడు. రుణధ్రువం ఉన్న గొట్టంలో నీళ్లు పైకి ఎగబాకాయి. పంపు లేదు, వాలు లేదు, మట్టిలోంచి నీరు తనంతట తాను నడిచింది. 1809లో ఈ సంగతి ప్రచురించాడు. దీన్ని ఎలక్ట్రో ఆస్మాసిస్ అంటారు. బడి పుస్తకాల్లోని ద్రవాభిసరణంతో దీనికి చుట్టరికం పేరులోనే ఉంది, పనిలో లేదు.

లోపల ఏం జరుగుతుందో కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే మిగతా కథంతా దీనిమీదే నిలబడింది. గాజుగోడకు నీరు తగలగానే గోడమీది సిలికా తన హైడ్రోజన్ అయాన్లను వదిలేసి రుణావేశం పొందుతుంది. నీటిలోని ధన అయాన్లు ఆ గోడవైపు మూగుతాయి. లీటరుకు 10 మిల్లీమోళ్ల ఉప్పున్న ద్రావణంలో ఈ మూక మందం 3 నానోమీటర్లే. ఇప్పుడు గొట్టం రెండు చివరలకూ వోల్టేజి ఇస్తే గోడవెంబడి మూగిన ధన అయాన్లు రుణధ్రువంవైపు కదులుతాయి. వాటి వెంట వాటిని అంటుకున్న నీరు, దాని వెంట పక్కనున్న నీరు, చివరికి గొట్టంలోని నీరంతా.

పంపు తోపుకీ దీనికీ ఆకారంలోనే తేడా. పంటకాలువలో కాగితపు పడవలు వదిలిన పిల్లలకు తెలుసు, నడిమధ్యలో వేసింది పరుగెడుతుంది, గట్టువారగా వేసింది గడ్డిపోచల మధ్య నెమ్మదిస్తుంది. పీడనంతో నడిచే నీరు ఎక్కడైనా అంతే. ఒకేచోట బయల్దేరిన అణువులు ఇలా ముందూవెనకా అయిపోతే పీక్ వెడల్పవుతుంది. విద్యుత్తు లాగే ప్రవాహంలో తోపు గోడలదగ్గర పుడుతుంది కాబట్టి గట్టువారగా నెమ్మది ఉండదు. తివాచీని అంచులు పట్టి లాగితే మధ్యభాగం కూడా అదే వేగంతో వచ్చినట్టు, నీరంతా ఒక్క ముద్దగా జరుగుతుంది. పైగా ఈ వేగానికి గుళికల సైజుతో దాదాపు సంబంధం లేదు. గుళికల మధ్య సందులు ఆ కొద్ది నానోమీటర్ల మందానికి దరిదాపుల్లోకి రానంతవరకు, 5 మైక్రాన్లయినా 1 మైక్రాన్ అయినా ఒకటే. పీడనం అడ్డంపెట్టిన గోడను విద్యుత్తు పట్టించుకోకుండా దాటేసింది.

1974లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో ప్రిటోరియస్, ఆయన సహచరులు క్రొమటోగ్రఫీ కాలమ్‌లో ఈ ప్రవాహాన్ని వాడి చూపించారు. అందరి చూపూ తిప్పింది మాత్రం 1981. అమెరికాలో నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయంలో జేమ్స్ జోర్గెన్‌సన్, క్రిన్ లూకాచ్ 75 మైక్రాన్ల బోలున్న గాజు కేశనాళికలకు 30,000 వోల్టుల దాకా ఇచ్చి, అంతకుముందు ఎవరూ చూడనంత సన్నటి పీకులు తీశారు. 30,000 వోల్టులంటే భయం వేస్తుంది. కానీ అంత సన్నటి దారిలో నడిచే కరెంటు ఏ 10 మైక్రోఆంపియర్లో ఉంటుంది. రెండూ హెచ్చిస్తే 0.3 వాట్లు. ఆ వేడి గోడల్లోంచి గాలిలోకి పోతుంది. ఇదే ప్రయోగం మన 4.6 మిల్లీమీటర్ల కాలమ్‌లో ఎందుకు చేయరో కూడా ఇదే లెక్క చెబుతుంది. 75 మైక్రాన్ల గొట్టంతో పోలిస్తే దాని వ్యాసం సుమారు 61 రెట్లు, అడ్డుకోత వైశాల్యం సుమారు 3,760 రెట్లు. కరెంటూ అన్ని రెట్లు, వేడీ అన్ని రెట్లు. 1,100 వాట్లు దాటిన ఆ వేడికి బయటికి దారి లేదు. లోపల ద్రావణి మరిగిపోతుంది. విద్యుత్తు పని చేయాలంటే గొట్టం వెంట్రుకంత ఉండక తప్పదు.

ఆ గొట్టాన్ని చేత్తో పట్టుకుంటే చేపల గాలపు తాడులా ఉంటుంది. పైపైన బంగారు గోధుమరంగు పాలీఇమైడ్ పూత. ఆ పూతవల్లే వంచినా విరగదు. కానీ పీకుల్ని చూసే అతినీలలోహిత కాంతి ఆ పూతలోంచి దూరదు కాబట్టి ఒకచోట కిటికీ తెరవాలి. లైటరు మంట ఒక్క క్షణం చూపిస్తే అరసెంటీమీటరు మేర పూత నల్లగా మాడుతుంది. మిథనాల్ తడిపిన టిష్యూతో తుడిస్తే కింద తేటగాజు మెరుస్తుంది. అంతే, ఇక ఆ అరసెంటీమీటరు మహా పెళుసు. మోచెయ్యి తగిలితే పుటుక్కున విరుగుతుంది. దానికంటే ముందు గుళికలు నింపడం ఒక యజ్ఞం. అవి జారిపోకుండా రెండువైపులా ఫ్రిట్ అనే బిరడా కావాలి. అంత సన్నటి బిరడా ఎవరూ అమ్మరు. నీరు పారుతుండగానే కాలే తీగను ఆ చోట కొన్ని సెకన్లు ఆనించి, లోపలి సిలికా గుళికలు ఒకదానికొకటి అతుక్కునేలా చేస్తాం. వేడి ఎక్కువైతే దారి మూసుకుపోతుంది, తక్కువైతే మర్నాటికి గుళికలన్నీ బయట.

ఇంత చేసి, కాలమ్ బిగించి, వోల్టేజి ఎక్కించి, కరెంటు అంకె వైపు చూస్తూ కూచుంటాం. ఒక రాత్రి నాకు బాగా గుర్తు. 8 మైక్రోఆంపియర్లు నిలకడగా నడుస్తోంది. మొదటి పీక్ వచ్చింది, సూదిలా ఉంది. రెండోది మొదలవుతుండగా అంకె 7.6 అయింది, తర్వాత 5, తర్వాత కిందామీదా ఊగి, సున్నా. ఏదీ విరగలేదు, ఏదీ మూసుకుపోలేదు. ఫ్రిట్ దగ్గర ఒక గాలిబుడగ పుట్టింది. కరెంటుకు దారి ద్రావణమే కాబట్టి బుడగ అడ్డుపడగానే దారి తెగింది. దారి తెగితే ప్రవాహం లేదు, ప్రవాహం లేకపోతే బుడగను బయటికి నెట్టేదీ లేదు. పంపుతో నడిచే కాలమ్‌లో బుడగ వస్తే చిరాకు. విద్యుత్తుతో మాత్రమే నడిచే కాలమ్‌లో బుడగ వస్తే అన్నీ ఆగిపోతాయి. ఆ కాలమ్‌ను ఎండగట్టి, మళ్లీ తడిపి, తెల్లవార్లూ తిప్పలు పడ్డాను.

విద్యుత్తుతో మాత్రమే నడిచే ఎలక్ట్రోక్రొమటోగ్రఫీని చివరికి వెనక్కి లాగింది ఈ బుడగలే అని నా నమ్మకం. గుళికలున్న భాగంలో విద్యుత్తు లాగే ద్రవం ఒక వేగంతో, గుళికల్లేని ఖాళీ భాగంలో ఇంకో వేగంతో సాగాలని చూస్తుంది. రెండింటికీ పొసగని చోట, అంటే ఫ్రిట్ దగ్గర, పీడనం పడిపోయి ద్రావణంలో కరిగిన గాలి బయటికొస్తుంది. కరెంటు వేడి దానికి తోడు. చాలా ల్యాబులు రెండు చివరలనూ 10 బార్ల వాయుపీడనం కింద ఉంచి బుడగల్ని అణచాయి. 1990ల చివర్లో ఫ్రాంటిషెక్ స్వెట్స్, జాన్ ఫ్రెషే బృందం గుళికలూ ఫ్రిట్లూ లేకుండా గొట్టంలోనే స్పాంజిలాంటి పాలిమర్‌ను పోతపోసే మోనోలిత్ కాలమ్‌లు తెచ్చి ఈ బాధను చాలా తగ్గించింది.

1995లో ఇంగ్లండు నుంచి వచ్చిన ఒక ఫలితం అప్పట్లో మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. స్మిత్, ఎవన్స్ అనే ఇద్దరు అయాన్ మార్పిడి గుళికల మీద డిప్రెషన్‌కు వాడే క్షారగుణపు మందుల్ని విడదీస్తూ మీటరుకు 80 లక్షల ప్లేట్లు దాటిన పీకులు చూపించారు. ప్లేట్లంటే పీక్ ఎంత సన్నగా ఉందో చెప్పే కొలత. మంచి హెచ్‌పీఎల్‌సీ కాలమ్ మీటరుకు లక్ష ఇస్తే గొప్ప. అయితే ఆ సన్నటి పీకులు కావాలన్నప్పుడల్లా రాలేదు. కాలమ్ లోపలే ఏదో కారణంగా పదార్థం ఒకచోటికి కుదించుకుపోయిందన్నది నిపుణుల మాట. మందుల పరీక్షకు ఇవాళ వచ్చింది రేపు రాకపోతే ఎంత అందమైన పీక్ అయినా పనికిరాదు.

అప్పటికే జపాన్‌లో తకావో త్సుదా వేరే దారి పట్టాడు. 1987లో ఆయన పంపునూ వోల్టేజినీ ఒకే కాలమ్ మీద కలిపి వాడాడు. ప్రవాహపు బరువు పంపు మోస్తుంది. విద్యుత్తు దానిమీద స్వారీ చేస్తుంది. ఈ అమరికలో నమూనాను మామూలు హెచ్‌పీఎల్‌సీలోలాగే వాల్వుతో కొలిచి ఎక్కించవచ్చు, ద్రావణి పాళ్లను నడుస్తుండగానే మార్చుకోవచ్చు, కరెంటు తడబడినా ప్రవాహం ఆగదు. బుడగ పుట్టినా పంపు దాన్ని నెట్టేస్తుంది. స్టాన్‌ఫర్డ్‌లో రిచర్డ్ జేర్ బృందంతో ఎలక్ట్రోక్రొమటోగ్రఫీ మీద పనిచేసిన చావో యాన్ తర్వాతి కాలంలో ఈ జంట పద్ధతిని అమ్మకపు యంత్రంగా మార్చాడు. చైనా ల్యాబులు దాన్ని మూలికల మందుల పరీక్షకు బాగా వాడాయి. ఆ యంత్రాల్లో పంపూ వాల్వూ ఉన్నవైపు ఎర్త్ చేసి, రుణ వోల్టేజిని బయటి చివర ఇస్తారు. మనిషి చెయ్యి తగిలే లోహం ఉన్నచోట అధిక వోల్టేజి ఉండకూడదన్నది ఒక కారణం. సిలికాలో విద్యుత్తు లాగే ప్రవాహం రుణధ్రువంవైపే నడుస్తుంది కాబట్టి రెండు తోపులూ ఒకే దిశలో కలుస్తాయన్నది ఇంకొకటి.

ఇక్కడ ఒకమాట నిక్కచ్చిగా చెప్పాలి. పంపు కలిపిన మరుక్షణం తివాచీలాంటి ఆ సమతల ప్రవాహం పూర్తిగా మనది కాదు. పీడనపు వంతు ఎంతో అంత కాలువ వంపు తిరిగొస్తుంది. పీకులు కొంత వెడల్పవుతాయి. ఈ పద్ధతిని మెచ్చుకునేవాళ్లలో కొందరు దీన్ని తేలిగ్గా దాటేస్తారు. నా దృష్టిలో దాటేయనక్కర్లేదు, ఎందుకంటే ఈ పద్ధతి బలం పీకుల సన్నదనంలో లేదు. తూర్పారబట్టడంలో ఉంది.

ఒక లెక్క వేసి చూద్దాం. ఊహకు తీసుకున్న అంకెలే గానీ నిజానికి దగ్గరివి. 20 సెంటీమీటర్ల కాలమ్. పంపు తోపుతో ద్రవం సెకనుకు 1 మిల్లీమీటరు నడుస్తోంది. రెండు అణువులున్నాయి, ఒకటి తటస్థం, ఇంకొకటి ధనావేశం ఉన్నది. రెండూ గుళికలకు ఒకేలా అతుక్కుంటాయి, ద్రవంలో గడిపే సమయానికి మూడింతలు గుళికల మీద గడుపుతాయి. అంటే రెండూ 800 సెకన్లకు, 13 నిమిషాల 20 సెకన్లకు, ఒకదానిమీద ఒకటి పడి బయటికొస్తాయి. తెరమీద ఒకే పీక్. ఎంత మెత్తటి గుళికలు నింపినా, ఎంత పీడనం పెట్టినా ఆ ఒక్క పీక్ ఇంకా సన్నబడుతుందేగానీ రెండు కాదు.

ఇప్పుడు వోల్టేజి ఎక్కించండి. విద్యుత్తు ద్రవం వేగానికి సెకనుకు అర మిల్లీమీటరు కలిపిందనుకుందాం. తటస్థ అణువుకు దొరికేది అంతే. అది 8 నిమిషాల 53 సెకన్లకు వస్తుంది. ధనావేశం ఉన్నది ద్రవంతో పాటు నడవడమే కాక, తానూ రుణధ్రువంవైపు ఈదుతుంది. ఆ ఈత సెకనుకు 0.3 మిల్లీమీటర్లయితే అది 7 నిమిషాల 24 సెకన్లకే బయటపడుతుంది. ఒకే కుప్ప రెండయింది, మధ్యన నిమిషంన్నర ఎడం. ధ్రువాలు తారుమారు చేస్తే విద్యుత్తు పంపుకు ఎదురు లాగుతుంది. తటస్థం 26 నిమిషాల 40 సెకన్లకు వస్తే, ధనావేశం ఉన్నది ఎదురీది గంటా 7 నిమిషాల దాకా రాదు. సమయం ఖర్చవుతుంది గానీ ఎడం విపరీతంగా పెరుగుతుంది. కాలమ్ మార్చలేదు, ద్రావణి మార్చలేదు. ఒక నాబ్ తిప్పాం.

ఈ స్వేచ్ఛ పీడనం ఒక్కటే ఉన్నచోట లేదు, ఎందుకంటే పీడనానికి ఆవేశం కనబడదు. విద్యుత్తు ఒక్కటే ఉన్నచోటా లేదు, ఎందుకంటే అక్కడ వోల్టేజి తగ్గిస్తే ప్రవాహమే తగ్గుతుంది, ధ్రువాలు తిప్పితే నమూనా కాలమ్‌లోకే రాదు. తోపునూ ఏరివేతనూ రెండు వేర్వేరు చేతుల్లో పెట్టినప్పుడే ఒకదాన్ని కదపకుండా ఇంకొకదాన్ని సరిచేసుకోగలం.

జోర్గెన్‌సన్ కథలో తర్వాతి మలుపు కూడా ఇక్కడ చెప్పాలి. కేశనాళికకు వోల్టేజి పెట్టి దారిచూపిన ఆయనే 1997లో కేశనాళికలో 1.5 మైక్రాన్ల గుళికలు నింపి 4,100 బార్ల పీడనంతో నడిపించాడు. 2004లో అత్యధిక పీడనపు యంత్రాలు మార్కెట్లోకి వచ్చాయి. మెత్తటి గుళికలకు విద్యుత్తే శరణ్యమన్న వాదన దాంతో బలహీనపడింది. పరిశ్రమ పంపువైపే నిలిచింది, అది అర్థం చేసుకోదగ్గ నిర్ణయమే. ఎక్కడి ల్యాబులోనైనా ఒకే ఫలితం రావాలి, రాత్రి షిఫ్టులో కొత్తగా చేరిన పిల్లవాడు కూడా నడపగలగాలి. కానీ పంపు ఎంత బలపడ్డా ఆవేశాన్ని చూడటం నేర్చుకోలేదు. ద్రావణి ఖర్చు సంగతీ ఉంది. నిమిషానికి 1 మిల్లీలీటరు వాడే మామూలు కాలమ్ రోజంతా నడిస్తే 1,440 మిల్లీలీటర్లు తాగుతుంది. అదే వేగంతో నడిచే 100 మైక్రాన్ల కేశనాళిక 0.7 మిల్లీలీటర్లయినా తాగదు. 2008-09లో ప్రపంచమంతా అసిటోనైట్రైల్ కొరత వచ్చి ల్యాబులు విలవిల్లాడినప్పుడు ఈ అంకెలు నా కళ్లముందు తిరిగాయి.

జంట పద్ధతి వేరే వేషాల్లో బతుకుతూనే ఉంది. 2002లో జపాన్‌లో కేయో విశ్వవిద్యాలయపు తొమొయోషి సోగా బృందం, కణాల్లోని రుణావేశపు చిన్న అణువుల్ని విద్యుత్తులో అయాన్ల ఈతతోనే ఏరే కేశనాళిక ఎలక్ట్రోఫోరెసిస్‌తో విడదీసి, అణువుల బరువు తూచే మాస్ స్పెక్ట్రోమీటరులోకి పంపడానికి ప్రయత్నిస్తూ ఒక చిక్కులో పడింది. విద్యుత్తు లాగే ప్రవాహం దాదాపు లేకుండా పూతపూసిన గొట్టంలో అయాన్లు ముందుకు పోతున్నాయి గానీ ద్రవం వెంట రావడం లేదు, కరెంటు తెగిపోతోంది. వాళ్లు వెనకనుంచి కొద్దిపాటి గాలి పీడనం ఇచ్చారు. దారి తెగకుండా నిలిచింది. అక్కడ ఏరింది విద్యుత్తు, మోసింది పీడనం.

తెలియని మలినం ఎదురైనప్పుడు నేను ఇష్టపడే వాడకం ఇంకొకటి ఉంది. నమూనాలో చిటికెడు థయోయూరియా కలుపుతాం. అది తటస్థం, గుళికల్ని పట్టించుకోదు, ద్రవం ఎంత వేగంతో నడిచిందో అంతే వేగంతో వచ్చి గడియారంలా పనిచేస్తుంది. అదే నమూనాను ఒకేరోజు మూడుసార్లు ఎక్కిస్తాం, వోల్టేజి లేకుండా, అటు, ఇటు. మూడు క్రొమటోగ్రాములనూ, అంటే పీకుల చిత్రాలనూ, కిందామీదా పేర్చి చూస్తే, వోల్టేజితో వేగం మారిన తటస్థ పీకులన్నీ థయోయూరియాతో పాటు ఒకే నిష్పత్తిలో జరిగి ఉంటాయి. వాటిమధ్య ఒక్క పీక్ మాత్రం ఆ వరస తప్పి, ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి పోయి కనిపిస్తుంది. దాని ఒంటిమీద ఆవేశం ఉంది. మొదటి క్రొమటోగ్రాములో అది మందు పీక్ కింద, కుడిభుజం దగ్గర చిన్న ఉబ్బుగా ఉంది. పెన్సిలుతో అక్కడ ఒక చుక్క పెడతాం.